కర్ణాకర్ నూడుల్స్ మీద పడ్డ మాట

ప్రమీలాదేవికి కర్ణాకర్ దగ్గర నూడుల్స్ తిన్నాక మూడుసార్లు తలనొప్పి వచ్చింది. మెడ వెనక వేడిగా, తల బరువుగా ఉండేది. సిద్దిపేటలో వాళ్ల చీరల దుకాణానికి ఎదురుగానే అతని చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ సెంటర్. మూడోసారి నొప్పి వచ్చినప్పుడు ఫోన్లో ఒక వీడియో చూసి, కారణం దొరికిందనుకుంది. అతను రుచి కోసం చెంచాతో చల్లే తెల్లటి పలుకులు, టేస్టింగ్ సాల్ట్.

దుకాణానికి వచ్చే ఆడవాళ్లకు చీరలు పరుస్తూనే చెప్పేది. "గాడ తినకున్రి. గా ఉప్పు నరాలకు మంచిది కాదట." నెల తిరిగేసరికి కర్ణాకర్ దగ్గరికి కుటుంబాలు రావడం దాదాపు ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం అతనే దుకాణానికి వచ్చాడు.

"అమ్మా, మీకు తల నొచ్చిందంటే నేను కాదంటలేను. కొందరికి పడదేమో. కానీ మీకు దానితోనే నొచ్చిందని ఎట్ల తెలిసింది?"

"గాడ తిన్నంకనే నొస్తుంది. ఇంకేముంటది?"

"రెండు రోజులు రోజుకో నూడుల్స్ పొట్లం పంపుత. ఒకదాన్ల ఆ ఉప్పు ఏస్త, ఒకదాన్ల ఎయ్య. ఏది ఏందో చీటీ రాసి అంటిచ్చి మీ బిడ్డ రిషితకిస్త. ఆఖరుకు విప్పున్రి."

ఫార్మసీ చదువుతున్న కూతురు రిషిత సరేనంది. ప్రమీలాదేవి కూడా ఒప్పుకుంది, తన మాటే నిలుస్తుందన్న ధైర్యంతో.

సోమవారం నూడుల్స్ తిన్న గంటకే తల నొచ్చింది. "గిదే. నాకు తెల్వదా" అని పడుకుంది. గురువారం తిన్నాక ఏమీ కాలేదు. రిషిత చీటీ విప్పింది. సోమవారం దాంట్లో టేస్టింగ్ సాల్ట్ లేదు. గురువారం దాంట్లో ఉంది.

"అబద్ధం రాసిండేమో" అంది ప్రమీలాదేవి. ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

"అమ్మా, నూడుల్స్ తినని రోజు నీకు తల నొయ్యదా?"

"నొస్తది. గవి ఎప్పుడు యాది పెట్టుకోలే."

మర్నాడు రిషిత ఆమెను దవాఖానకు తీసుకెళ్లింది. పొట్లాల సంగతి కూడా డాక్టరుకు చెప్పింది. బీపీ నూట ఎనభై పైన ఉంది. "తలనొప్పికి ఇదే కారణమని ఖాయంగా చెప్పలేను. రెండు పొట్లాలతోని కూడా అంతా తేలదు. కానీ ఈ బీపీని వదిలేస్తే మాత్రం ప్రమాదం" అని డాక్టరు మాత్రలు రాశారు. పచ్చళ్లు, మామూలు ఉప్పు తగ్గించమన్నారు.

ఆ తర్వాత ప్రమీలాదేవి తాను చెప్పింది తప్పని అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మాటను ఇట్టే నమ్మినవాళ్లు ఈ మాటను నమ్మలేదు. ఎన్నో ఏళ్లుగా చీరలు కొనే అనసూర్య, "ఏమో వదినా, అప్పుడు నువ్వే అంటివి. పిల్లలు తినేది, మనకెందుకు" అంది.

ఆ సాయంత్రం ప్రమీలాదేవి రోడ్డు దాటి కర్ణాకర్ దగ్గరికి వెళ్లింది. అతను క్యాబేజీ తరుగుతున్నాడు.

"నేనన్న మాట నేను వాపస్ తీసుకుంటున్న. వాళ్లు తీసుకుంటలేరు. తప్పు నాదే, కర్ణాకర్."

అతను కత్తి పక్కన పెట్టాడు. "మీరొచ్చి చెప్పిన్రు, చాలు. రిషిత చెప్పింది, ఇప్పుడు బీపీ ఎట్లున్నది?"

ఆమె తగ్గిందన్నట్టు తల ఊపి, తన దుకాణానికి వచ్చేవాళ్లకు కనిపించేలా బయటి బల్ల మీద కూర్చుంది. "ఉప్పు తక్కువేసి ఒక సూప్ ఇయ్యి" అంది.

ఆ రోజు ఆమెను చూసి ఎవరూ రాలేదు. మర్నాడు కూడా ఆమె వెళ్లి కూర్చుంది.