చప్పట్ల సారు

మేనేజర్లను చాలామందినే చూశాను. తిట్టేవాళ్లు ఉన్నారు, టేబుల్ గుద్దేవాళ్లు ఉన్నారు. ఒకాయనైతే కోపమొస్తే హెల్మెట్ తీసి నేలకేసి కొట్టేవాడు. వాళ్ల మీద నాకు కోపం లేదు. తిట్టేవాడు తిడుతున్నాడని తెలుస్తుంది కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉంటాం. రవికాంత్ సారు అట్లా కాదు. ఆయన నవ్వుతాడు.

గోదావరిఖని దాటాక రోడ్డు పక్కనే మా వంటగ్యాస్ ప్లాంటు. ఖాళీ సిలిండర్లు చైను మీద లోపలికి వస్తాయి, నిండి బయటికి పోతాయి. నింపే షెడ్డులో నేను కాంట్రాక్టు మనిషిని. సారు హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన రోజే అందరినీ క్యాంటీన్ ముందు నిలబెట్టాడు.

"నేను మీ బాస్‌ని కాదు, లీడర్‌ని. షెడ్డులో ఎర్ర బటన్ ఉంది. ఎవరికి ఏ అనుమానం వచ్చినా నొక్కండి, లైన్ ఆగిపోతుంది. ఎందుకు నొక్కావని ఎవ్వరూ అడగరు. నాదీ మాట" అన్నాడు. చప్పట్లు కూడా తనే మొదలుపెట్టాడు. మేమూ కొట్టాం.

ఆ మాటను నిజంగా నమ్మింది సంతోషి. నిండిన సిలిండర్లకు లీకు చూసే పని ఆమెది. నస్పూర్ నుంచి బస్సులో వచ్చిపోయేది. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు, ఆ జీతమే ఇంటికి ఆధారం. ఒక పొద్దున షెడ్డులో గ్యాస్ వాసన గుప్పుమంది. నింపే గొట్టాల మూతుల దగ్గర రబ్బరు వాషర్లు అరిగిపోయాయని మేము ఎప్పటినుంచో మొత్తుకుంటున్నదే. బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. సంతోషి ఎవరినీ అడగలేదు. పోయి బటన్ నొక్కింది. ఆ పూట లైన్ మళ్లీ నడవలేదు.

మర్నాడు సారు ఆమెకు సన్మానం పెట్టాడు. దండ వేశాడు, శాలువా కప్పాడు, ఫోటో దిగి పెద్దాఫీసుకు పంపాడు. "సంతోషి మనందరికీ ఆదర్శం" అన్నాడు. ఆ పిల్ల సిగ్గుపడుతూ నవ్వుతోంది. నాకైతే ఆ దండ నచ్చలేదు. మా బొగ్గుగనుల ఊళ్లలో పనిచోట దండేసి శాలువా కప్పేది మనిషి రిటైరై డ్యూటీ దిగిపోయే రోజు. డప్పులతో ఇంటిదాకా తోడుపోయి దిగబెట్టి వస్తారు. మాలో పెద్దవాడు సదానందం కాక నా చెవి దగ్గరికి వచ్చి, "ఈ పిల్ల పనైపోయిందిరా మొగిలీ" అన్నాడు.

అన్నట్టే అయింది. ఆ వారం తిరక్కముందే ఆమెను గేటు దగ్గర ఆపేశారు. కాంట్రాక్టరును అడిగితే "పైనుంచి చెప్పిండ్రు, మధ్యల నన్ను గుంజకుండ్రి" అన్నాడు. సారును అడిగితే నా భుజం మీద చెయ్యి వేశాడు. "కాంట్రాక్టర్ విషయాల్లో నేను తలదూర్చను మొగిలి గారూ. నాకూ బాధగానే ఉంది." గారూ ఒకటి మళ్లీ! ఆ చెయ్యి విదిలించి కొట్టనందుకు ఇంటికి పోయేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ తర్వాత బటన్ జోలికి ఎవరూ పోలేదు. వాసన వస్తే ముక్కుకు తువ్వాల కట్టుకుని పని చేశాం. వాషర్లు మారలేదు. సంతోషి నస్పూర్ అంగట్లో కూరగాయలు పెట్టుకుని కూర్చుంది.

పోయిన సోమవారం షిఫ్టు ఎక్కేముందు సారు మళ్లీ అందరినీ పిలిచాడు. ఈసారి కేకు తెప్పించాడు. "ఈ నెల లైన్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఇది మీ అందరి విజయం" అని చప్పట్లకు చేతులెత్తాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "వాసన రోజూ వస్తంది సార్!" అని అరిచాను.

ఆయన నవ్వు చెదరలేదు. "మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినామె అంగట్ల కూసుంది. మాకు బుద్ధచ్చింది."

"వెరీ గుడ్! ఈ ధైర్యమే నాకు కావాలి. మొగిలి గారికి అందరూ గట్టిగా..." అంటూ తనే కొట్టాడు. ఇంకెవరి చేతులూ కదల్లేదు. నా వంతు వచ్చిందని అందరికీ అర్థమైపోయింది.

సదానందం కాక గేటు వైపు నడిచాడు. "వాషర్లు మార్చుండ్రి. సంతోషిని పిలిపించుండ్రి. ఆమె షెడ్డంత తిరిగి వాసన లేదంటెనే లైన్ నడుస్తది" అన్నాడు. వెనకే మేమంతా పోయి గేటు బయట నేల మీద కూర్చున్నాం. లారీ డ్రైవర్లు హారన్లు కొడుతూనే ఉన్నారు. పెద్దాఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. పొద్దెక్కేసరికి సారు తనే మా దగ్గరికి వచ్చాడు.

ప్లాంటు లోపలికి ఫోన్లు తేనివ్వరు కాబట్టి గేటు దగ్గర వదిలిన నా ఫోన్ తీసుకుని సంతోషికి కలిపాను. స్పీకర్ పెట్టి ఆయన చేతికిచ్చాను.

"అమ్మా సంతోషీ, మీరు మా కుటుంబం లాంటివారు. రేపటి నుంచి మీరు..."

"వస్త సార్" అంది సంతోషి. "గని అందరు ఇంటున్నరు గద? నన్నెందుకు తీసేసినవో గది నీ నోటితోని చెప్పు."

అంతకు ముందు ఆమె సారును 'మీరు' అని తప్ప పిలిచి ఎరగదు. ఆయన నోరు తెరిచాడు. మా వైపు చూశాడు, లారీల వైపు చూశాడు. ఇన్నాళ్లు మైకు లేకుండానే దంచిన మనిషి ఫోన్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇంటున్న సార్" అంది సంతోషి. "చెప్పు."