ముప్ఫై ఎనిమిదో పేరు

జూన్ పదకొండున వాళ్లు తిన్నవి ఉడికించిన గుడ్లు, జున్ను పెట్టిన రొట్టె. అదీ పెట్రోలు బంకులో, కారుకి ఆనుకుని నిలబడి. గుడ్లు ఉడికించిందీ, రొట్టెలు చుట్టిందీ, ఫ్రాన్సులో బంగాళాదుంపలు దొరకవన్నట్టు పది కిలోల బస్తా డిక్కీలోకి ఎత్తిందీ రిన్‌స్కెయే. నడుం నొప్పని ఆమె భర్త వీబె స్టీరింగు ముట్టుకోలేదు. వాళ్ల ఊరు గ్రోనింగెన్ నుంచి పదకొండు గంటలు ఆమే నడిపింది. దారిలో చెల్లెలు ఫోన్ చేసి ఆమెకి యాభై ఎనిమిదో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినప్పుడు అతను పక్క సీట్లో నిద్రపోతున్నాడు.

సెలవుల కోసం ఫ్రాన్సు కొండల్లో కొనుక్కున్న ఇల్లు చేరేసరికి ఏడయింది. ఎండ ఇంకా పోలేదు. ఇల్లు చూసిపెట్టే సొలాంజ్ ముందే వచ్చి కిటికీలు తెరిచి, పక్కలు వేసి వెళ్లింది.

"సొలాంజ్ చెయ్యి పడితే చాలు, ఇల్లు నవ్వుతుంది," అన్నాడు వీబె.

పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో రిన్‌స్కె చెయ్యి పడిన ఏ ఇల్లూ నవ్వినట్టు అతను చెప్పలేదు. ఆమె బస్తా దించింది.

టాయిలెట్ తలుపు వెనక, వాళ్ల దేశంలో అందరిళ్లలోలాగే, ఏటేటా అదే పనికొచ్చే పుట్టినరోజుల క్యాలెండరు. పెళ్లయిన వారానికి అత్తగారు అలాంటిదే చేతిలో పెట్టి, "మా ఇంట్లో తారీఖులు గుర్తుపెట్టుకునేది కోడళ్లే తల్లీ" అంది. ఇక్కడి దానిలోనూ రిన్‌స్కెయే ఎక్కించింది. ఆడపడుచులు, వాళ్ల పిల్లలు, వీబె ఆఫీసు వాళ్లు, ముప్ఫై ఏడు పేర్లు. కార్డు కొనేదీ, కింద ఇద్దరి సంతకాలూ పెట్టేదీ ఆమే. తన పేరు తానే రాసుకోవడానికి సిగ్గేసి, పదకొండో తారీఖు ఖాళీగా వదిలేసింది.

ఇవాళ జూన్ పేజీలో, ఇరవై నాలుగు పక్కన, ముప్ఫై ఎనిమిదో పేరు ఉంది. సొలాంజ్. అక్షరాలు వీబెవి.

రిన్‌స్కె ఆ పేరు మళ్లీ చదివింది. మార్చిలో ఇంటి కప్పు బాగుచేయించడానికి అతనొక్కడే వచ్చి రెండు వారాలున్నాడు. ఎప్పుడు అడిగాడు? ఏ బల్ల దగ్గర, ఎవరి గ్లాసు ఎవరు నింపుతుండగా? ఆవిడ నవ్వే ఉంటుంది. వంగి చెప్పులు కూడా తీసుకోలేని మనిషి పెన్ను వెతుక్కుని, ఈ ఇరుకు గదిలో నిలబడి, ఒక్కో అక్షరం కుదురుగా పేర్చాడు. పెళ్లికి ముందు తనకి రాసిన ఉత్తరాల్లో కూడా ఇంత కుదురు లేదు.

అంతలో సొలాంజే వచ్చింది, ఓ చేత్తో సూపు గిన్నె, ఓ చేత్తో స్ట్రాబెర్రీలు. అరవై దాటిన మనిషి, కాళ్లకి తోటబూట్లు. జుట్టులోని దువ్వెనని కూడా రిన్‌స్కె కళ్లు వదల్లేదు. వీబె అప్పటికే చెంచా పట్టుకుని కూర్చున్నాడు.

"మదాం, నెలనెలా ఆ క్యాలెండరు పేజీ తిప్పేది నేనే," అంది సొలాంజ్. " అందరి పేర్లూ నోటికొచ్చాయి. మీదే లేదు. ఎప్పుడు పుట్టారు?"

"ఇవాళే."

వీబె చెంచా ఆగింది. సొలాంజ్ అతని వంకా, మూలనున్న బస్తా వంకా చూసింది. "బంగాళాదుంపలు మాత్రం మర్చిపోలేదు," అంది. వెళ్తూ వెళ్తూ రిన్‌స్కె రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. ఆ చేతుల్లో మట్టి వాసన.

"ఆవిడ పేరు ఎందుకు రాశావు?" అని అడిగింది రిన్‌స్కె, తలుపు దగ్గరకి వేశాక.

"నువ్వు కార్డు పంపుతావని. చెబుదామంటే మర్చిపోతానుగా, అందుకే రాసిపెట్టా." అబద్ధం చెప్పే మనిషి కాదు. మళ్లీ సూపు తాగసాగాడు.

అసూయ పడినంతసేపూ, అతనిలో ఎక్కడో ఇంకా కాస్త ప్రేమ ఉందనీ, అది దారి తప్పి ఇంకొకరి వాకిట్లోకి వెళ్లిందనీ ఆమె నమ్మింది. ఇప్పుడా నమ్మకం కూడా పోయింది.

లోపలికి వెళ్లి క్యాలెండరు మేకు మీంచి తీసింది. తెచ్చి, పెన్నుతో సహా అతని కంచం పక్కన పెట్టింది.

"ఇక ఇవన్నీ నువ్వే చూసుకో. పదకొండుతో మొదలుపెట్టు."

స్ట్రాబెర్రీల గిన్నె తీసుకుని, చుట్టాలకోసం ఉంచిన చిన్న గదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.