ఇంటి నంబరు

ఒకపక్క పోపు మాడుతోంది, ఇంకోపక్క ఫోను మోగుతోంది. ఎల్లారెడ్డిలో ప్రమోద ఇంట్లో ఈ రెండూ ఒకేసారి జరగని రోజు లేదు. ఇంటి ముందు భాగం బోరు మోటార్ల కొట్టు, వెనక భాగం కాపురం. పగలు కొట్టులో స్వాతి ఫోన్లు ఎత్తుతుంది. సాయంత్రం ఆమె నాగిరెడ్డిపేట బస్సు ఎక్కిందంటే ఆ మోతంతా వంటింట్లోకి వస్తుంది. కాలిపోయే మోటారుకు వేళాపాళా ఏముంటుంది! అన్నం కలుపుకున్న చేత్తోనే, తల మీద నీళ్లు పోసుకుని సగం స్నానంలోనే ప్రమోద "చెప్పన్నా" అనాలి. "ఫోన్ల మాట్లాడుడు గూడ పనేనా, నోరు ఊకెనే ఉంటది గద" అని అత్త సుభద్రమ్మ ఏనాడో తేల్చేసింది. ఆ తీర్పు మీద ఇంతవరకు ఎవరూ అప్పీలుకు పోలేదు.

ఒకరోజు కామారెడ్డి నుంచి వచ్చిన బంధువులకు ప్రమోద టీలు పెట్టింది. భర్తకు అన్న అయిన బావ, ఆయన కొడుకు నితీష్ వచ్చారు. నితీష్ హైదరాబాదులో పెద్ద చదువు చదివి, ఇప్పుడు తమ మూడు కొట్లలోకీ ఏఐ తెస్తానంటున్నాడు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, పిట్లం మూడుచోట్లా బిల్లులు, సరుకు లెక్క, ఫోన్లు అన్నీ అదే చూసుకుంటుందట. ఏ పని ఎవరు చేస్తున్నారో ముందు తెలియాలని ఒక్కొక్కటే అడుగుతున్నాడు.

"ఫోన్లా? స్వాతి ఉంది" అన్నాడు ప్రమోద భర్త తిరుపతి.

"ఆమె పోయినంక బాబాయ్?"

"ఇంట్ల ఎవరో ఒకరు ఎత్తుతరు."

ప్రమోద చేతిలో ట్రే ఉంది. ఇంట్లో ఎవరో ఒకరంటే ఎవరు? కొడుకు హాస్టల్లో ఉంటాడు, అత్తకు చెవులు వినబడవు. పద్దెనిమిదేళ్ల కాపురంలో తనకు దక్కిన పేరు ఇదన్నమాట అనుకుంది. అనుకుని, అలవాటు కొద్దీ బావకు చక్కెర తక్కువ కప్పు అందించింది. అప్పుడే నితీష్ ఆమె వైపు తిరిగాడు. "చిన్నమ్మా, నువ్వు చెప్పు. ఫోన్ల పని మిషన్ చేస్తదా?"

ఆ ఇంట్లో వ్యాపారం సంగతి ఆమెను అడగడం అదే మొదలు. మగవాళ్లందరూ ఆమె మొహంలోకి చూస్తున్నారు. ఆలోచించాల్సింది అప్పుడే. కానీ ఆమె బుర్రలో తిరిగింది ఒక్కటే. సాయంత్రాలు తనవవుతాయి, వేడి అన్నం వేడిగా తినొచ్చు. దానికి తోడు, అడిగినవాళ్లకు నచ్చే జవాబు చెప్పి మెప్పు పొందాలన్న పాడు ఆశ కూడా ఎక్కడో ఉంది. "చేస్తది. ఎందుకు చెయ్యది?" అంది. తిరుపతి మెచ్చుకోలుగా నవ్వాడు. ఆ నవ్వుకు ఆ రోజంతా పొంగిపోయినందుకు తర్వాత ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

నెలాఖరున స్వాతిని ఇక రావద్దన్నారు. స్వాతి మొగుడు దుబాయిలో ఉంటాడు. అతను పంపేది అప్పులకే పోతుంది, ఇల్లు గడిచేది ఈ జీతంతోనే. ప్రమోదకు ఇదంతా తెలుసు. మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే గిన్నెలో కూర పంచుకుని తిన్నవాళ్లు మరి. స్వాతి టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంటుంటే ప్రమోద మామిడికాయ తొక్కు సీసా తెచ్చి చేతిలో పెట్టింది. "పోయొస్తక్కా" అంది స్వాతి. పొమ్మన్నవాళ్లతో ఒక మాటైనా అనకుండా ప్రమోద తలూపింది.

మిషను వచ్చింది. దానికి ఆడగొంతే పెట్టారు. ఫోన్‌లో ఆడగొంతైతేనే ఓపిగ్గా ఉన్నట్టు ఉంటుందట. "నమస్కారం, మీకు ఏ విధంగా సహాయపడగలను?" అని వార్తలు చదివినట్టు అడుగుతుంది. "మోటరు గుయ్యిమంటుంది గని నీళ్లు ఎత్తుతలేదమ్మా" అని రైతు మొత్తుకుంటే "దయచేసి మీ సమస్యను మళ్లీ చెప్పండి" అంటుంది. రెండుసార్లు చెప్పించుకుని, అర్థంకాకపోతే మనిషికి కలుపుతుంది. ఏ మనిషికి? దాన్ని పెట్టేరోజు నితీష్ ఒక నంబరు అడిగాడు. తిరుపతి ఇంటి నంబరు చెప్పాడు.

అంతకుముందు సాయంత్రాలే ఆమెవి కావు. ఇప్పుడు పగళ్లు కూడా పోయాయి. పైగా మిషనుతో వేగి వేగి, అప్పటికే మండిపోయి ఉన్నవాళ్లు లైన్లోకి వస్తారు. తిట్లు ప్రమోదకు, మంచి పేరు మిషనుకు. "నువ్వు మాట్లాడేదంత అది వింటది, నేర్చుకుంటది చిన్నమ్మా" అన్నాడు నితీష్ సంబరంగా. అంటే పంతులమ్మ పని కూడా తనదే! ఆ మిషనుకు నెలనెలా చందా కడతారు. స్వాతికి నెలనెలా జీతం ఇచ్చారు. నెల తిరిగినా ఏమీ ఇవ్వనక్కర్లేనిది తనొక్కతే. ఒకరోజు తెగించి "నాతోని అయితలేదు" అంది. "రెండు మాటలు మాట్లాడనీకి ఏమాయె? మిషనే అలుపు లేకుండ చేస్తుంది, నీకేంది?" అన్నాడు తిరుపతి.

మళ్లీ అందరూ కూర్చున్నది కామారెడ్డిలో, బావ ఇంట్లో. ఈసారి పిట్లం వంతు. అక్కడి కొట్టులో ఫోన్లు చూసే అనిలను మాన్పించాలని మాట. "ఎల్లారెడ్డిల ఒక్క మనిషి లేకుండ నడుస్తుంది" అని నితీష్ గోడకున్న టీవీలో లెక్కల బొమ్మలు చూపిస్తున్నాడు. తోడికోడలితో కలిసి బజ్జీలు వేసి, పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ప్రమోదకు ఆ మాట చెవిన పడింది. ఒక్క మనిషి లేకుండా.

"అడుగుర్రి ఈమెను. మంచిగ నడుస్తుంది గదనే?" అన్నాడు తిరుపతి.

ప్రమోద పళ్లెం కింద పెట్టింది. "నడుస్తలేదు. దానికి తెల్వని ఫోన్లన్ని నాకొస్తున్నయ్. నేను నడుపుతున్న. అనిలను తీసేస్తే ఆ ఫోన్లు గూడ నాకే వస్తయ్. ఇగ నేను ఎత్త."

బావ గొంతు సవరించుకున్నాడు. "ఇంటి మాట ఇంట్ల చెప్పుకోవాలె గని, గిట్ల..."

"ఇది ఇంటి మాట కాదు బావా, కొట్టు మాట."

నితీష్ ల్యాప్‌టాప్‌లో చాలాసేపు వెతికాడు. ఇంటికి కలిపిన ఫోన్లను కూడా మిషను ఖాతాలోనే వేశానని చివరికి ఒప్పుకున్నాడు. "మరి ఇంటి నంబరు తీసేస్తే ఎవరిది పెట్టాలె చిన్నమ్మా?" అని అడిగాడు.

"జీతం తీసుకునే మనిషిది."

అనిలను కదిలించలేదు. ఎల్లారెడ్డికి మళ్లీ మనిషిని పెట్టాలని బావే అన్నాడు. తిరిగి వచ్చే దారిలో తిరుపతి కోపం ప్రమోదకు పట్టలేదు. ఇంతేనా అని మాత్రం పదేపదే అనిపించింది. ఆకాశం విరిగి పడలేదు, కాపురం కూలలేదు. ఆవేళ ట్రే పట్టుకుని నిలబడ్డప్పుడు ఈ మాటే అని ఉంటే!

మర్నాడు వంట మానేసి నాగిరెడ్డిపేట బస్సెక్కింది. స్వాతి రోడ్డు పక్కన ఎవరివో వడ్లు ఆరబోసి, ఎండలో కాళ్లతో తిప్పుతోంది. కూలికట. ఎండకు మొహం నల్లబడింది.

"మళ్ల రా స్వాతీ. నీ పని నీకుంది. నేను గట్టిగ చెప్పిన" అంది ప్రమోద.

స్వాతి ఆగలేదు. వడ్ల మధ్య కాళ్లు ఈడుస్తూ ఆ చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చింది.

"నన్ను బంద్ జేసిననాడు తిరుపతి సేటు నాకు చెప్పిండక్కా, మిషన్ చేస్తదని మీ అక్కనే అన్నదని. నేను నమ్మలే. ఆ ఇంట్ల నీ మాట ఎవ్వలింటరు అనుకున్న. ఒక్కసారి ఇన్నరు గద, గది నాకే తాకింది."