కిటికీ గట్టు మీద నూకలు

మిషన్‌లో దారం ఎక్కించే ముందు ఆమె రోజూ చేసే పని ఒకటుంది. గుప్పెడు నూకలు కిటికీ గట్టు మీద చల్లి, పోయిన కూతురిని పేరు పెట్టి పిలుస్తుంది. పిచ్చుక వచ్చి వాలుతుంది. అప్పుడు గానీ ఆమె బట్టలు కుట్టడానికి కూర్చోదు.

ఆ వీధిలో పిల్లలందరివీ పక్షుల పేర్లే. పేరు పెట్టిన గంటలోపు ఆ పేరు ఏ పక్షిదో ఆ పక్షి వచ్చి ఇంట్లో వాలాలి. వాలితేనే పిల్లకి పాలు ఒంటబడతాయి. పిల్ల ఉన్నన్నాళ్ళూ అదీ ఉంటుంది, పిల్ల పోతే అదీ పోతుంది. ఈమె పెద్దకూతురు రెండేళ్ళకే జ్వరంతో పోయింది. పిచ్చుక మాత్రం పోలేదు. తల్లి రోజూ పిలుస్తుంటే ఎలా పోతుంది పాపం! పెద్దది బతికుండగా ఆడుకోవడానికి ఏరుకున్నట్టే, అదీ మిషన్ కింద గుడ్డపీలికలు ఏరుకుంటూ ఉండిపోయింది.

ఇప్పుడు రెండోది పుట్టింది. పదిరోజులైనా పాలు సరిగా తాగడం లేదు, తాగిందీ ఒంటబట్టడం లేదు. అత్తగారు పేర్ల పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"కోయిల అని అర్థమొచ్చే పేరు పెట్టాం, రాలేదు. చిలకా రాలేదు. హంసని పిలుద్దామంటాడు నీ మొగుడు. కుళాయిలోనే నీళ్ళు రావు, హంసెక్కణ్ణుంచి వస్తుందీ!"

బస్సు నడిపి అప్పుడే ఇంటికొచ్చిన మొగుడు నవ్వలేదు. ఉయ్యాల్లో పిల్ల ఏడవడానిక్కూడా ఓపిక లేక మూలుగుతోంది.

"నూకలు చెల్లినదాని పిట్టకి నూకలేస్తున్నావు" అంది అత్తగారు. "దిక్కులేని పిట్ట తిష్ఠ వేసిన ఇంటికి ఇంకో పిట్ట వస్తుందటే? తరిమెయ్యి. లేదా ఆ పేరు దీనికిచ్చెయ్యి."

"అది నా పెద్దదాని పేరత్తయ్యా."

"పెద్దదెక్కడుందే?"

ఆమెకి ఒళ్ళు మండింది. కానీ ఉయ్యాల్లోంచి మూలుగు వినబడుతూనే ఉంది. తరమడానికి చెయ్యి రాదు. ఇచ్చేస్తే కళ్ళముందైనా ఉంటుంది, ఒక్క పిట్ట ఇద్దరికీ సరిపోదా అనుకుంది. ఆశకి బుద్ధి తక్కువ.

ఉయ్యాల మీదికి వంగి, చిన్నదాన్ని పెద్దదాని పేరు పెట్టి పిలిచింది.

పిచ్చుక గట్టు మీంచి లేచి, ఆమె భుజం పక్కనుంచే వెళ్ళి ఉయ్యాల తాడు మీద వాలింది. పిల్ల కెవ్వుమంది. రొమ్ము అందుకుని ఆబగా తాగింది. మొగుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"గండం గడిచింది" అని అత్తగారు పుస్తకం మూసేసింది.

మర్నాడు ఆమె అలవాటుగా నూకలు చల్లి, పెద్దదాన్ని పిలిచింది. పిచ్చుక తలైనా తిప్పలేదు. ఉయ్యాల్లోంచి చిన్నది "ఊ" అంది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ చిన్నదే పలికింది. పిచ్చుక మిషన్ కిందికి దూరి ఓ ఎర్ర పీలిక ఏరి, తీసుకెళ్ళి చిన్నదాని పక్కన పడేసింది.

ఆమె నూకలన్నీ అరచేత్తో ఊడ్చి డబ్బాలో పోసేసింది. చిన్నది బతికి బట్టకట్టింది, పెరిగి పెద్దదైంది. తల్లి మాత్రం దాన్ని మళ్ళీ ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు.