ఆకలి గీత

“రోజంతా ఆటలే గదా, నీకేంలే!”

కడప నుంచి తల్లి వచ్చినప్పటి నుంచి గంగాధరానికి ఈ మాట ఊతపదమైంది. శ్రీవాణి వీడియో గేములు రూపొందిస్తుంది. గల్ఫ్‌లో, వాదీ కబీర్ అనే పేటలోని ఫ్లాటులో వంటింటి గట్టు మీద, మిక్సీ పక్కన ల్యాప్‌టాప్, అదే ఆఫీసు. ఒక చెవి కుక్కర్ మీద, ఒక చెవి మీటింగ్ మీద. భర్త మాటకు నవ్వి ఊరుకోవడం అలవాటైంది గానీ, ప్రతిసారీ మనసు చివుక్కుమనేది.

ఇప్పుడు ఆమె చేస్తున్న ఆట ఒక ఇంటి కథ. అందులో అమ్మ వండాలి, వడ్డించాలి, అందరి కడుపులూ నింపాలి. ఆడి చూసిన వాళ్ళంతా మధ్యలోనే వదిలేస్తున్నారు. ఈ వారం సరిచేయకపోతే ఆ ఆటే ఆపేస్తామంది కంపెనీ. శ్రీవాణి ఆటలో పొయ్యి మంట పెంచింది, సమయం తగ్గించింది, పిల్లవాడికి మారాం నేర్పింది. అయినా జనం నిలవడం లేదు.

శుక్రవారం, సెలవు రోజని కూడా చూడకుండా పొద్దున్నే ఫోన్ చేసింది షబానా. హైదరాబాద్ పిల్ల, పక్కనే రూవి అనే పేటలో ఉంటుంది, ఆటలు పరీక్షించడం ఆమె డ్యూటీ.

“ఏమనుకోకు శ్రీవాణీ. మొగుడికి, పోరనికి, అత్తకి, అందరికీ నెత్తి మీద ఆకలి గీత పెట్టినవ్. తినకుంటే తగ్గుతది. అమ్మకే లేదేంది? ఆమెకి ఆకలే కాకుంటే ఇగ నేను దేనికి భయపడాలె? ఓడిపోయేదేముంది?”

“ఆమెదేముందిలే, అందరూ తిన్నాక తింటాది,” అంది శ్రీవాణి.

అని ఆగిపోయింది. అది తన మాట కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త గంగులమ్మ అన్న మాట. ఆకలి ఎవరికి వేయాలో, ఎవరికి వేయకూడదో నిర్ణయించే అధికారం తన చేతిలోనే ఉన్నా, అమ్మకూ ఒక కడుపు ఉంటుందని తనకే తోచలేదు. మర్చిపోవడం కూడా కాదు, అసలు కంటికి ఆనలేదు. కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అమ్మ నెత్తి మీద ఒక గీత గీసి ఆట మళ్ళీ మొదలుపెట్టింది. రెండో వాయి దోసెలు పోస్తూ ఆటలోని అమ్మ పొయ్యి దగ్గరే కూలబడింది.

మార్చిన ఆట పంపిన కాసేపటికి షబానా మెసేజ్ పెట్టింది: “ఇప్పుడు భయమైతుంది. ఇగ ఈ ఆట నిలుస్తది.”

మధ్యాహ్నం శ్రీవాణి మూడు కంచాలు పెట్టి తనూ కూర్చుంది. గంగులమ్మ గోడ పక్కనే నిలబడి, “వాణ్ణి తిననీమ్మా ముందు,” అంది.

“నువ్వు గూడా కూర్చో అత్తా. నాకు ఆకలైతాంది.”

గంగులమ్మ కొడుకు వంక చూసి, కోడలి వంక చూసి, కుర్చీ అంచున కూర్చుంది. గంగాధరం ఎప్పటిలాగే కంచంలోంచి తల ఎత్తకుండా, “రసం,” అన్నాడు.

“గిన్నె మీ పక్కనే ఉండాది,” అంది శ్రీవాణి, ముద్ద కలుపుకుంటూ.