వినపడే గంట

డాక్టరుగారికి వైద్యం రాదు. ఆయన లారీ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి తగిలించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. "ఇదిగో, ఇక్కడ దగ్గుతోంది" అనేవాడు. విప్పి చూస్తే రోగం అక్కడే ఉండేది. అందుకని లారీ డ్రైవర్లు పెట్టిన పేరది. వీధిలోనూ అదే స్థిరపడింది. చివరికి కట్టుకున్న భార్య కూడా విసుగొచ్చినప్పుడు "డాక్టరుగారికి ఇప్పుడు తీరిక లేదు" అని ఎత్తిపొడిచేది.

అలాంటి మనిషికి చెవులు మొరాయించాయి. ఒక్కసారిగా కాదు. ముందు పిట్టలు పోయాయి. తర్వాత గోడ గడియారం చప్పుడు పోయింది. ఆ తర్వాత ఆడవాళ్ళ మాటల్లో అంచులు అరిగిపోవడం మొదలైంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. షెడ్డు మూసేస్తూ "కళ్ళు ఆనడం లేదు, ఇంక చాల్లే" అన్నాడు. నిజానికి ఆ కళ్ళతో సూదిలో దారం ఎక్కించగలడు. ఆ కళ్ళే ఇప్పుడు చెవుల పని కూడా చేస్తున్నాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి సగం, సందర్భం చూసి సగం లాక్కొచ్చేవాడు. ఏమీ అంతుపట్టనప్పుడు "అవునవును, రోజులలా ఉన్నాయి" అనేవాడు. ఆ ఒక్క ముక్క పెళ్ళింట్లోనూ చెల్లేది, చావింట్లోనూ చెల్లేది.

కూతురు బీమా ఆఫీసులో పనిచేస్తుంది. దూరపు ఊళ్ళో ఏదో శిక్షణ ఉందని ఆఫీసువాళ్ళు పంపిస్తుంటే, "ఇంట్లో కూర్చుని గోడలు చూడ్డమెందుకు, నాతో రా నాన్నా" అని బయల్దేరదీసింది. భార్యకి మోకాళ్ళ నొప్పులు. "నా కాళ్ళు నా మాట వినవు, మీరిద్దరూ వెళ్ళి రండి" అంది. గుమ్మం దాకా వచ్చి, "వచ్చేటప్పుడు ఆ ఊరిదంటూ ఏదైనా పట్టుకురండి. ఎక్కడబడితే అక్కడ దొరికే ప్లాస్టిక్ సామాను కాదు" అని గట్టిగా చెప్పింది. ఈమధ్య ఆవిడ ఏది చెప్పినా గట్టిగానే చెబుతోంది. వయసు మీద పడేకొద్దీ మనిషికి కోపం ముక్కుమీదికి వస్తోందని డాక్టరుగారు లోలోపల నొచ్చుకుంటూ ఉండేవాడు.

శిక్షణ ముగిసిన మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు బజారుకు వెళ్ళారు. పెద్దవీధిలో దుకాణాలన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. తాళంచెవుల గొలుసులు, ఫ్రిజ్ మీద అంటించే బొమ్మలు, చిన్న చిన్న అద్దాలు. అన్నిటిమీదా ఆ ఊరి పేరే, కానీ సరుకు మాత్రం ఏ ఊరిదైనా కావచ్చు. కూతురు ఒక దుకాణదారుని, "ఇక్కడే తయారయ్యేవి ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగింది. అతను ఫోన్లోంచి తల ఎత్తకుండానే వెనకసందు వైపు వేలు చూపించాడు.

ఆ సందులో అడుగుపెట్టగానే డాక్టరుగారి నడక నెమ్మదించింది. ఒకచోట ఒకాయన గొడుగు ఊచలు వంచుతున్నాడు. ఇంకోచోట ఒకావిడ బ్రష్షులకి కుచ్చులు బిగిస్తోంది. ఇంకోచోట చెక్క గరిటెలు తప్ప మరో వస్తువే లేదు. రంపపు పొట్టు, వేడి లక్క, నూనె, అన్నీ కలిసిన వాసన ఆయనకి పాత షెడ్డుని గుర్తుచేసింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, పనిచేసేవాళ్ళ చేతుల వంక చూస్తూ నిలబడ్డాడు. చేతుల్ని అర్థం చేసుకోవడానికి చెవులక్కర్లేదు.

సందు చివర గంటల దుకాణం. లోపల దూలాలకి, కమ్మీలకి, గోడ మేకులకి అన్నీ గంటలే. పశువుల మెడలో కట్టేవి, వాకిలి తలుపుకి తగిలించేవి, బడి గంటలు, బల్లమీద పెట్టి చేత్తో కొట్టేవి. వెనక గదిలో ఎవరో ఆకురాయితో గీకుతున్నారు. బల్ల దగ్గర ఒకావిడ ముఖం కాస్త చిరాగ్గా పెట్టుకుని కూర్చుని ఉంది.

"చూస్కోండి. కానీ అన్నీ ఒకేసారి వాయించకండి, తల నొప్పెడుతుంది" అంది.

కూతురు చిన్న చిన్న గంటలు ఊపి చూస్తోంది. "ఇది ఎలా ఉంది నాన్నా? దీని మోత ఎంత సన్నగా ఉందో." ఆయన తలాడించాడు. గంట నాలుక అటూ ఇటూ ఊగడం కనిపించింది, అంతే. ఇంకోటి ఊపింది. అదీ అంతే. దుకాణం నిండా గంటలు, ఆయనకి మాత్రం మంచు కురిసినంత నిశ్శబ్దం. ఏదో ఒకటి త్వరగా ఎంచేసి బయటపడాలనిపించింది. బల్ల కింద బుట్టలో ఒక బరువైన గంట కనిపించింది. మంచి నగిషీ, నడుము దగ్గర సొగసైన వంపు. మంచి సరుకు అడుగునే ఉంటుందని ఆయన నమ్మకం. దాన్ని తీసి ఊపాడు. చేతికి ఒక అదురు తెలిసింది. చెవికి కూడా ఏదో అందినట్టే ఉంది.

"ఇదీ గంటంటే. ఎంత నిండుగా మోగిందో చూశావా?" అన్నాడు కూతురితో.

"అది ఓటైపోయిందండీ" అంది దుకాణం ఆవిడ.

"మాటైపోయిందా? ఎవరికి మాటిచ్చారు? వాళ్ళకి ఇంకోటి చేసిపెట్టండమ్మా. ఇది మేం తీసుకుంటాం."

ఆవిడ కూతురి వైపు చూసింది. కూతురు తల దించుకుంది. ఆ రెండు చూపులూ డాక్టరుగారు చూశాడు. చెవులు మోసం చేసినా కళ్ళు చెయ్యవు కదా. చేతిలో గంటని నెమ్మదిగా వెలుగులోకి తిప్పాడు. అంచు నుంచి పైకి, వెంట్రుకంత సన్నగా, పగులు.

సైలెన్సర్లో నెర్రె పడితే వీధి మలుపులోనే పసిగట్టిన మనిషి ఆయన. చేతిలో పగిలిన గంట పట్టుకుని, అది నిండుగా మోగుతోందని పరాయి ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళ ముందు మెచ్చుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఎముక ఎందుకు కొరుకుతున్నావని అడిగాడట. చిన్నప్పుడు ఆ మాటకి పడీపడీ నవ్వేవాడు.

"నాకు తెలీకనా, పరీక్షిద్దామని అన్నాలే" అంటూ గంటని బుట్టలో పెట్టి, వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఎదురుగా మూసి ఉన్న దుకాణం మెట్లమీద కూర్చున్నాడు. కాసేపటికి కూతురు వచ్చి పక్కన కాక, ఎదురుగా, ఒక మెట్టు కింద కూర్చుంది. ఆయన పెదాలు చదువుతాడని తెలిసినవాళ్ళే అలా కూర్చుంటారు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తట్టింది.

"నీకు తెలుసా?" అన్నాడు.

"అందరికీ తెలుసు నాన్నా."

"అమ్మకి?"

"అందరికంటే ముందు అమ్మకే. అమ్మ గొంతు ఎందుకు బొంగురుపోయిందనుకుంటున్నావు? పొద్దస్తమానం నీకు వినపడేలా మాట్లాడీ మాట్లాడీ. గొంతు డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది. కొన్నాళ్ళు మాట్లాడకండి అన్నాట్ట. అదెలా కుదురుతుందండీ అందిట."

డాక్టరుగారు ఇన్నాళ్ళూ తన మీద కేకలేస్తోందనుకున్నాడు. ఒక్కోసారి ఆ కేకలు పడలేక అన్నం ముందునుంచి లేచిపోయాడు కూడా. ఆవిడ గొంతు చించుకున్నది కోపంతో కాదు, తనని పక్కనపెట్టి మాట్లాడడం ఇష్టంలేక.

"మరి ఒక్కరూ అనలేదేం?"

"నువ్వు కళ్ళు ఆనడం లేదన్నావు. సరేలే, కళ్ళే అనుకున్నాం. నువ్వు దాచుకున్నదాన్ని మేం బయటికి లాగితే బాగుంటుందా?"

"అంటే ఇంటిల్లిపాదీ నా ముందు నాటకం ఆడారు."

"మొదలెట్టింది నువ్వే కదా. నీ నాటకంలో మాకు వేషాలిచ్చావు, వేశాం."

ఆయనకి నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రుమాలు తీసి ముక్కు తుడుచుకునే వంకతో ముఖం తుడుచుకున్నాడు. షెడ్డులో జరిగింది అప్పుడు చెప్పాడు. బాగా తెలిసిన డ్రైవరు లారీ తెస్తే, విని, ఏమీ లేదు పొమ్మన్నాడు. పొలిమేర దాటకుండానే ఇంజను పట్టేసి ఆగిపోయింది. ఆ డ్రైవరు పల్లెత్తు మాటనలేదు. "మీ చెయ్యి పడ్డాక కూడా ఇలా అయిందంటే నా ఖర్మ" అన్నాడు. ఆ నమ్మకం చూసే భయం వేసి షెడ్డు మూసేశాడు.

కూతురు విన్నది. "పోనీ బస్సుకి వెళ్దామా?" అని మాత్రం అడిగింది.

"ఉండు. మీ అమ్మకి ఏమీ కొనలేదు" అని లేచి, ఆయనే ముందు నడిచాడు.

దుకాణం ఆవిడ వాళ్ళని మళ్ళీ చూసి ఆశ్చర్యపోయింది. డాక్టరుగారు బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"అమ్మా, నాకు చెవులు సరిగ్గా వినపడవు. నాకు వినపడే గంట ఒకటి కావాలి" అన్నాడు.

నోరు దాటి ఆ మాట బయటికి రావడం అదే మొదలు. పిడుగేమీ పడలేదు. ఆవిడ మాత్రం బుగ్గన వేలు పెట్టుకుని, "అలా చెప్పరేం మరి అన్నయ్యగారూ" అని, బల్ల మీదున్న చెక్కముక్క ఒకటి తీసి వెనక గదిలోకి విసిరింది. ఆకురాయి చప్పుడు ఆగింది. బొగ్గుమసి చొక్కాతో ఒక బక్కపలచటి మనిషి బయటికి వచ్చాడు.

"మావారు. గంటలు పోసేది ఈయనే. ఈయనకీ చెవుడే. సుత్తిదెబ్బల మోతకి చెవులు పోయాయి. పిలవాలంటే ఏదో ఒకటి విసరాల్సిందే. కొట్టి పిలుస్తానని మా చుట్టాల్లో నాకు చెడ్డపేరు" అంది.

"మీకూ వినపడదా?" అని డాక్టరుగారు అరిచాడు.

"ఇనప గంటలు చెయ్యం, కంచువే" అని ఆయన అంతకంటే గట్టిగా అరిచాడు.

కూతురు నవ్వాపుకోలేకపోయింది. ఆవిడా నవ్వింది. మొదట్నుంచీ ముడుచుకున్న ముఖం విప్పారి, పదేళ్ళు తగ్గినట్టు కనిపించింది. మొగుడికి సైగలతో సంగతి చెప్పింది. ఆయన డాక్టరుగారిని తేరిపార చూసి, ఒక ముక్కాలిపీట లాగి, గోడవైపు తిప్పి వేశాడు. గోడకేసి కూర్చుంటే కళ్ళు సాయం చెయ్యలేవు. వినపడితే చెయ్యి ఎత్తాలి, అంతే.

డాక్టరుగారు సున్నం పెచ్చులు లేచిన ఆ గోడని చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. వెనక ఒకదాని తర్వాత ఒకటి మోగుతున్నాయని ఊహించుకున్నాడు. ఊరికే చెయ్యి ఎత్తేద్దామా అని ఒకసారి అనిపించింది, పాత అలవాటు. ఎత్తలేదు. అంతలో ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు, మందంగా, గుండ్రంగా ఒక మోత వచ్చింది. వచ్చి, వెంటనే పోకుండా నిలబడింది. చెయ్యి తనంతట తనే లేచింది.

వెనక్కి తిరిగితే కూతురి చేతిలో చూడ్డానికి ఏమంత అందంగా లేని గంట ఉంది. మంద ముందు నడిచే పశువుకి కట్టే రకం. నగిషీ లేదు, మూతి కాస్త వంకర.

"ఇది చాలా దూరం పోతుంది. గొంతు లావు. సన్నవాటికి రూపమే గానీ బలముండదు" అంది దుకాణం ఆవిడ. అని, "అన్నట్టు, దీనికి బేరం ఆడకండి" అని ముందే చెప్పేసింది.

ఇంటికి చేరాక డాక్టరుగారు సంచీలోంచి గంట తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఊరంతా తిరిగి పశువుకి కట్టే గంటా తెచ్చారు? ఎవరి మెడలో కట్టను?" అంది బొంగురు గొంతుతో.

"నా కోసమే. నాకు వినపడట్లేదు. చాన్నాళ్ళయింది. నువ్వు అరవక్కర్లేదు ఇక. ఇది కొట్టు, నేనే వస్తాను."

ఆవిడ కుర్చీలో కూర్చుని, గంటని ఒళ్ళో పెట్టుకుని, చీరకొంగుతో దాన్ని తుడుస్తూ ఉండిపోయింది. అందులో తుడవాల్సింది ఏమీ లేదు. తర్వాత, "ఇన్నాళ్ళకి నోరు విప్పారు" అంది. ఆ మాట ఆయన ఆవిడ పెదాల మీద చదివాడు.

గంటని వంటింటి గుమ్మానికి తగిలించారు గానీ ఆవిడ దాన్ని పెద్దగా వాడింది లేదు. "మొగుణ్ణి గంట కొట్టి పిలిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అనేది. మరీ పెరట్లో ఉంటే తప్ప దాని జోలికి వెళ్ళేది కాదు. అవసరమైతే లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ ఆయన ఎదురుగా వచ్చి కూర్చునేది. ఆవిడ లేవడం చూసి ఆయనే ముందు వచ్చేవాడు. కూతురు తీసుకెళితే చెవుల డాక్టరు దగ్గరికీ వెళ్ళాడు. మెషిను పెట్టారు. అది పెట్టుకుంటే ప్రపంచమంతా రేకుడబ్బాలో వేసి కుదిపినట్టుందని సణుగుతూనే పెట్టుకుంటున్నాడు. పాత డ్రైవర్లు ఇద్దరు ముగ్గురు వచ్చి పిలిస్తే, "నేను చూసి చెప్తాను, వినడం మాత్రం ఇంకెవరైనా వినాలి" అని ముందే చెప్పి వెళుతున్నాడు.

ఒక సాయంత్రం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. ఆయన మెషిను తీసి కిటికీలో పెట్టాడు. ఆవిడ పళ్ళెంలోకి చూస్తూ, మామూలు గొంతుతో ఏదో అంది. అవునవును, రోజులలా ఉన్నాయి అనబోయి ఆగాడు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఆవిడ తలెత్తి ఆయన వంక చూసింది. తర్వాత నిదానంగా, అరవకుండా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"ఏం లేదండీ. దోమలొస్తున్నాయి, ఆ కిటికీ తలుపు వెయ్యమన్నాను."

ఆయన లేచి కిటికీ తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.