ఐదు పేర్లకు ఒక్క వేలు

ద్వాళి బొటనవేలును పైటకు గట్టిగా తుడుచుకుని మూడోసారి యంత్రం మీద పెట్టింది. మూడోసారీ ఎర్ర దీపమే వెలిగింది.

"నీ కార్డు బందయింది అవ్వా. ఎన్నిసార్లు పెట్టినా గంతే," అన్నాడు రాజేందర్. కేసముద్రం అవతలి తండాలకు వేలిముద్రలు చూసి ఉపాధి కూలి పంచడానికి ఒక ప్రైవేటు కంపెనీ పెట్టుకున్న మనిషి అతను. బడి వరండాలో కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి అదే మాట అప్పజెబుతున్నాడు.

ద్వాళి వెనుక మరో నలుగురు ఆడవాళ్లు నిలబడ్డారు. వాళ్ల కార్డులూ బందే. ఎండాకాలంలో చెరువు పూడిక తీసిన పన్నెండు రోజుల కూలి దసరా దాటినా చేతికి రాలేదు. ఇవాళ పత్తి ఏరినా కిలోకు ఐదు రూపాయలు వచ్చేవి, అదీ పోయింది. మండలాఫీసులో అడుగుదామంటే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది, తలుపులకు తాళం.

ద్వాళి కూతురు రామి, తండాలో కంప్యూటర్ సైన్సు చదువుతున్న మొదటి పిల్ల. సమ్మెతో యూనివర్సిటీ మూతపడితే ఇంటికొచ్చి, తల్లికి తోడుగా వచ్చింది.

"యాడీ, నువ్వాగు," అని తల్లిని పక్కకు జరిపింది. "అన్నా, ఎందుకు బందయింది?"

రాజేందర్ ఒక కాగితం ముందుకు తోశాడు. ఐదు పేర్లు, ఐదు కార్డులు, వేలిముద్ర మాత్రం ఒక్కటే. "ఒక్కామె ఐదుగురి కూలి మింగాలని చూసింది. బోగస్."

ద్వాళి బిత్తరపోయింది. "ఏం మింగిన కొడుకా? నిరుడు కార్డులకు వేలిముద్రలోళ్లు వచ్చిననాడు వీళ్లంత మిర్పతోటకు పోయిన్రు. నాకు జెరమొచ్చి ఇంటికాడున్న. ఎవరో ఒకరు ఎయ్యిన్రి అన్నరు, అందరికీ నేనే ఏసిన."

తండాకు అందులో తప్పేమీ కనబడలేదు. కూలీల హాజరు కాగితం మీద ఇన్నేళ్లూ ఇంటి దగ్గరున్నవాళ్లే పనికి పోయినవాళ్ల పేర్లకూ వేలు వేసేవారు. పక్కింటి చంటిపిల్లను చూసిపెట్టినట్టే అదీ ఒక సాయం. ఎవరి కూలి వాళ్లకు అందేది.

రామి కాగితం మీదికి వంగి మళ్లీ చదివింది. వేసవిలో ఆమె చివరి సంవత్సరం ప్రాజెక్టు చేసింది హన్మకొండలోని ఆ కంపెనీలోనే. ఒక వేలిముద్ర రెండు పేర్ల కింద కనబడితే అన్ని కార్డులనూ ఆపేసే ప్రోగ్రామ్ ఆమె రాసిందే. అది చూపించిన రోజు కంపెనీ సార్లు చప్పట్లు కొట్టారు. చదువు కాగానే ఉద్యోగం ఇస్తామన్నారు. మిర్చి తోటకు పోయినామె సంగతేమిటని ఏ సారూ అడగలేదు. సార్లను అనుకుని ఏం లాభం? ఇదే తండాలో పుట్టి, ఆ కాగితాల మీద అమ్మ వేలు పడటం కళ్లారా చూసి, తనూ అడగలేదు. ఆ కోపాన్ని ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక పళ్లు కొరుక్కుంది.

రాజేందర్ సిరా డబ్బా తెరిచి, అదే కాగితం అడుగున ఉన్న వాక్యం చూపించాడు. "మోసం చేసిన, తప్పయిందని గిండ్ల రాసుంది. వేలు పెట్టు అవ్వా. ఆ నలుగురి కార్డులు మళ్ల చూస్తరట. నీది మాత్రం కాదు."

"నాది పోతే పోనీ. వాళ్ల కూలి రానీ," అని ద్వాళి వేలిని సిరాలో ముంచింది.

రామి తల్లి మణికట్టు పట్టుకుంది. "పెట్టకు యాడీ."

"జర ఆలోచించు చెల్లె. కంప్యూటర్ చెప్పినంక అబద్ధమైతదా?"

"దానికి చెప్పింది నేనే అన్నా. గా ప్రోగ్రామ్ రాసింది నేనే. మా యాడి మోసం చెయ్యలే. నేనే తెల్వక తప్పు రాసిన. గదే రాసిస్త, మీ సార్లకు పంపు."

"పంపితే నీకిస్తమన్న నౌకరి పోతది."

"పోనీ."

వరుసలోంచి కళావతి ముందుకొచ్చింది. నెలల పిల్ల ఆమె చంకలో ఉంది. "మా కూలి ఆపింది నువ్వా రామీ?"

రామి, తల్లి చెయ్యి వదలకుండానే కాగితాన్ని తిరగేసి, రాజేందర్ జేబులోంచి పెన్ను లాక్కుంది. అందరూ చూస్తుండగా, ముందు తన పేరు రాసింది.